ఇంటి బడ్జెట్టు గీత దాటకుండా వైన్ రుచి నేర్చుకోవడం ఎలా

తిరుపతిలో ఎటు వెళ్లినా ‘వైన్స్’ అనే బోర్డు కనిపిస్తుంది. లోపలికెళ్లి "వైన్ ఏముందన్నా?" అని అడిగితే మాత్రం కౌంటర్లో ఉన్నతను ఒక్క క్షణం మన ముఖంలోకి చూస్తాడు. బ్రాందీ, విస్కీ, బీరు ముందు వరసల్లో ఉంటాయి. వైన్ ఏ మూలో నాలుగైదు సీసాలు, మెడ మీద దుమ్ముతో. అక్కడి నుంచే మన చదువు మొదలు.

ఒక జీతం, పిల్లల ఫీజులు, చీటీ, ఇంటి లోను, వీటి మధ్య "నెలకు ఇంతే" అని భార్యో భర్తో గీత గీసి చెప్పిన ఇళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఆరేళ్లుగా నేనూ ఆ గీత లోపలే ఉన్నాను. వైన్ గురించి నాకు తెలిసిందంతా ఆ గీత లోపలే నేర్చుకున్నాను. మన రాష్ట్రంలో మద్యం కొనడానికి 21 ఏళ్లు నిండాలి. అంతకంటే చిన్నవాళ్లు ఇది చదవాల్సిన పని లేదు.

మొదట లెక్క తేల్చుకోండి

కొనడానికి ముందు చేయాల్సిన పని ఇది. తొలి ఏడాది నేను దీన్ని తప్పుగా చేశాను. సీసా తెచ్చి, బిల్లు స్కూటర్ డిక్కీలో బండి కాగితాల మధ్య దాచేవాణ్ని. ఒకరోజు ఇన్సూరెన్స్ కాగితం కోసం వెతుకుతుంటే మా ఆవిడకు మూడు బిల్లులు ఒకేసారి దొరికాయి. ఆమె అరవలేదు. ఖర్చుల పుస్తకం తెచ్చి, పాలు, గ్యాస్, కరెంటు కింద ‘సీసాలు’ అని రాసి, మూడు బిల్లులూ కూడి మొత్తం వేసింది. ఆ అంకె పాల బిల్లు కంటే పెద్దది. "ఏమండీ, ఇష్టమైతే చెప్పి కొనుక్కోండి. ఇట్లా దాచిపెడితే నేను ఇంకేం దాచారో అని వెతుక్కోవాల" అంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

ఆ రోజు కూర్చుని మాట్లాడుకుని ఒక పద్ధతి పెట్టుకున్నాం. అది ఇప్పటికీ నడుస్తోంది. మీరు కూడా ఇట్లా చేయండి.

నెల మొదట్లో, జీతం పడి తప్పనిసరి ఖర్చులన్నీ తీసేశాక, ఇద్దరికీ సమానంగా సొంత ఖర్చు రాసుకోండి. మా ఇంట్లో అది చెరో 700. నాది వైన్‌కు, ఆమెది మొక్కలకు. ‘సమానంగా’ అన్న మాట ముఖ్యం. ఒకరి ఇష్టానికే డబ్బు కేటాయిస్తే రెండో వాళ్లకు అది భారంగానే కనిపిస్తుంది. ఖర్చు కాని డబ్బు తర్వాతి నెలకు చేరుతుంది. అప్పు తీసుకోవడం, వచ్చే నెలది ముందే వాడుకోవడం కుదరదు. జూన్‌లో స్కూలు ఫీజులు ఉంటాయి కాబట్టి ఆ నెల ఇద్దరికీ సున్నా. ఈ సున్నా నెలను మీరే ముందుగా చెప్పండి, ఇంట్లో అడిగేదాకా ఆగకండి.

700కు మంచి సీసా రావడం కష్టం. రెండు నెలలది కలిపితే 1,400. దాంతో మన దేశపు వైన్‌లో చెప్పుకోదగ్గ సీసా వస్తుంది. అంటే ఏడాదికి ఐదు, ఆరు సీసాలు. తక్కువే అనిపిస్తుంది, కానీ ఒక్కో సీసాలో ఎంత చదువుందో కింద చెబుతాను.

ఇంకా చేతికందే దారి స్నేహితులతో కలవడం. ఇష్టమున్న ముగ్గురు నెలకు తలా 500 వేస్తే 1,500 సీసా నెల నెలా తెరవచ్చు. మనిషికి 250 మి.లీ. చీటీ పాట లాగే ఇందులో కూడా ఒకరు లెక్క రాయాలి, ఎవరూ బాకీ పెట్టకూడదు. ముగ్గురి ఇళ్లలోనూ ఈ సంగతి తెలిసి ఉండాలి.

ఆరోగ్యం మాట ఇక్కడే చెప్పేస్తాను. మద్యం ఇంత తాగితే సురక్షితం అనే కొలత ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టంగా చెప్పింది. వైన్ గుండెకు మంచిదని ఇంట్లో వాదించి డబ్బు పెంచుకోవాలని చూడకండి. షుగరు, బీపీ, లివరు మందులు వాడేవాళ్లు డాక్టర్ని అడగాలి. గర్భంతో ఉన్నవాళ్లు అసలు ముట్టకూడదు. రుచి చూసిన రోజు బండి తీయవద్దు.

సీసా ఎంచుకునేటప్పుడు

వైన్‌కు మన ఎండ పడదు. మే నెలలో తిరుపతిలో 40 డిగ్రీలు దాటుతుంది. ఏసీ లేని షాపులో, అద్దాల అలమారాలో, బల్బు కింద నిలబడ్డ సీసాలో వైన్ ఉడికినట్టే అవుతుంది. అందుకే ఏడాదికి ఐదు సీసాలే కొనేవాళ్లు వాటిలో ఎక్కువ నవంబరు, ఫిబ్రవరి మధ్య కొనడం మేలు. ఎండాకాలంలో కొనక తప్పకపోతే షోకేస్‌లో ఉన్నది వద్దని చెప్పి, లోపల పెట్టెలో ఉన్నది అడగండి.

చేతిలోకి తీసుకున్నాక మూడు చూడండి. బిరడా పైకి పొడుచుకొచ్చిందా? మెడ దగ్గర జిగురుగా కారిన మరక ఉందా? నిండా ఉండాల్సిన మట్టం తగ్గిందా? ఈ మూడింటిలో ఏ ఒక్కటున్నా ఆ సీసా వద్దు. తర్వాత లేబుల్ మీద సంవత్సరం చూడండి. మన బడ్జెట్టులో వచ్చే వైట్ వైన్ ఏడాది, రెండేళ్ల లోపుది తీసుకోవాలి. రెడ్ అయితే రెండు మూడేళ్లు పర్వాలేదు. "పాతదైతే బాగుంటుంది" అన్న మాట చాలా ఖరీదైన కొద్ది సీసాలకే చెల్లుతుంది. మనం కొనేవన్నీ తాజాగా తాగడానికి చేసినవే.

తిప్పి తీసే మూత ఉన్న సీసా చవకరకం అనుకుని పక్కన పెట్టకండి. మన వాతావరణానికి అదే నయం. బిరడా ఎండదు, తెరిచాక మళ్లీ గట్టిగా మూయవచ్చు, బిరడా తీసే పనిముట్టు కొనాల్సిన పని కూడా లేదు. కొన్ని రకాలు 375 మి.లీ. హాఫ్ సీసాల్లో, క్యాన్‌లలో వస్తాయి. దొరికితే కొత్త ద్రాక్ష రకాన్ని పరిచయం చేసుకోవడానికి అవి చక్కగా పనికొస్తాయి.

మొదటి నాలుగు సీసాలకు నా సలహా ఇది. చెనిన్ బ్లాంక్ ఒకటి, సావిన్యాన్ బ్లాంక్ ఒకటి, షిరాజ్ ఒకటి, కాబెర్నే సావిన్యాన్ ఒకటి. మొదటి రెండూ వైట్, తర్వాతి రెండూ రెడ్. నాలుగూ మన దేశంలో పండే ద్రాక్షలే. నాసిక్‌లో సులా, బెంగళూరు పక్కన నంది కొండల దగ్గర గ్రోవర్ జాంపా, షోలాపూర్ జిల్లా అక్లూజ్‌లో ఫ్రటెల్లి అనే కంపెనీలు వైన్ చేస్తాయి. ‘పోర్ట్’ పేరుతో వచ్చే తియ్యటి చవక వైన్‌తో మొదలుపెట్టకండి. తీపి మిగతా రుచులన్నింటినీ కప్పేస్తుంది. దాంట్లో నాలుక నేర్చుకునేది తక్కువ.

పక్క రాష్ట్రంలో చవక అని పర్మిట్ లేకుండా సీసాలు తీసుకురాకండి. సరిహద్దు చెక్‌పోస్టులో పట్టుబడితే కేసవుతుంది. ఇంట్లో ద్రాక్ష పులియబెట్టి వైన్ చేసుకోవడం కూడా లైసెన్సు లేకుండా నేరమే. తిరుపతి వాళ్లు ఇంకో సంగతి గుర్తుపెట్టుకోవాలి. తిరుమలలో మద్యానికి పూర్తి నిషేధం, అలిపిరి దగ్గర ప్రతి బండీ తనిఖీ చేస్తారు. సీసా కొన్న రోజు చుట్టాలు ఫోన్ చేసి కొండకు రమ్మన్నా సరే, ముందు ఇంటికెళ్లి సీసా దించి, ఆ తర్వాతే బయల్దేరండి.

ఇంట్లో దాచడం

వెలుతురు, వేడి, కుదుపు లేని చోటు కావాలి. మా ఇంట్లో అది ఉత్తరం గోడ పక్కన చెక్క అలమారా కింది అర. స్టవ్ ఉన్న గదిలో, ఫ్రిజ్ నెత్తిన పెట్టకండి. బిరడా ఉన్న సీసాను పడుకోబెట్టాలి, తిప్పే మూత ఉన్నదాన్ని నిలబెట్టవచ్చు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా నేరుగా ఫ్రిజ్‌లోనే పెట్టేయండి.

ఫ్రిజ్‌లో ఎక్కడ పెట్టాలన్నది ఇంట్లో వాళ్లను అడిగి నిర్ణయించుకోండి. నైవేద్యం పాలు, దేవుడి పూలు పెట్టే అర జోలికి నేను వెళ్లను. నాకు ఇచ్చింది తలుపుకున్న కింది అర. శనివారాలు, కార్తీక మాసం, బ్రహ్మోత్సవాల తొమ్మిది రోజులు మా ఇంట్లో సీసా తెరవం. ఈ నియమం ఇంట్లో వాళ్ల మనసుకు ఎంత ముఖ్యమో నాకు తెలుసు. దాన్ని పాటించడం వల్లే మిగతా రోజుల్లో మనస్ఫూర్తిగా కూర్చోగలుగుతున్నాను.

ఒక సీసా, పదిహేను గుక్కల పాఠాలు

స్టీలు గ్లాసు వద్దు. అందులో రంగు కనబడదు, వాసన నిలవదు. కింద ఉబ్బుగా, పైన మూతి కొంచెం సన్నగా ఉండే గాజు గ్లాసులు రెండు కొనండి. గాంధీ రోడ్డు వైపు వెళ్లినప్పుడు పాత్రల షాపుల్లో వెతకవచ్చు. మందమైన పూల డిజైన్లు లేనివి చూడండి. రుచి పరీక్షకు వాడే గ్లాసుకు 1977లోనే అంతర్జాతీయ ప్రమాణం ఒకటి పెట్టారు. ఆ గ్లాసు నిండా పోస్తే సుమారు 215 మి.లీ. పడుతుంది కానీ రుచి చూసేటప్పుడు పోసేది 50 మి.లీ. మాత్రమే. మిగతా ఖాళీ అంతా వాసనకు.

ఈ 50 మి.లీ. కొలత తెలిశాక నా లెక్కే మారిపోయింది. 750 మి.లీ. సీసాలో అట్లాంటివి 15 ఉంటాయి. 1,200 సీసా అయితే ఒక్కో పాఠానికి 80 రూపాయలు.

ఆదివారం సాయంత్రం సీసా తెరవండి. తెరిచిన వెంటనే, తాగకముందే, బాగా కడిగి ఆరబెట్టిన ఒక హాఫ్ సీసాలోకి మెడ దాకా నింపి మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టేయండి. వైన్‌ను పాడుచేసేది గాలి. గాలి తగిలే కొద్దీ దాని వాసన చచ్చి, చివరికి వెనిగర్ వైపు వెళుతుంది. నిండా నింపిన చిన్న సీసాలో గాలికి చోటుండదు కాబట్టి ఆ సగం వచ్చే ఆదివారానికి కూడా బాగుంటుంది. పెద్ద సీసాలో మిగిలింది మాత్రం మూడు నాలుగు రోజుల్లో అయిపోవాలి. ఈ చిన్న ఏర్పాటుతో ఒక సీసా రెండు వారాలు వస్తుంది.

రెడ్ వైన్‌ను ‘గది ఉష్ణోగ్రత’లో తాగాలని అంటారు. ఆ మాట పుట్టింది చలి దేశాల్లో, వాళ్ల లెక్కలో గది అంటే 16, 18 డిగ్రీలు. మన గది 32. కాబట్టి రెడ్‌ను కూడా అరగంటో ముప్పావుగంటో ఫ్రిజ్‌లో పెట్టి తీయండి. వైట్ అయితే రెండు గంటలు ఫ్రిజ్‌లో ఉండి, బయట ఐదు నిమిషాలు ఆగాలి. మరీ చల్లగా ఉంటే వాసన పైకి రాదు.

ముక్కుకు పని చెప్పండి

వైన్‌లో చాలా భాగం ముక్కుతో తెలిసేదే. ముక్కును తయారు చేసుకోవడానికి పైసా ఖర్చు లేదు. పోపుల పెట్టె చాలు.

వారానికి రెండు మూడు సార్లు ఇట్లా చేయండి. మిరియాలు, లవంగం, దాల్చినచెక్క, నిమ్మ తొక్క, జామపండు ముక్క, కాఫీ పొడి, పుదీనా, ఎండు ద్రాక్ష ఒక్కో చిన్న గిన్నెలో పెట్టించుకోండి. కళ్లు మూసుకుని ఎవరైనా అందిస్తుంటే పేరు చెప్పండి. తేలికే అనిపిస్తుంది. నేను మొదటిసారి ఎనిమిదింటిలో నాలుగు తప్పు చెప్పాను. కళ్లు మూసుకుంటే లవంగమో దాల్చినచెక్కో తేల్చుకోలేకపోయాను. నెల రోజుల్లో ఒకటో రెండో మాత్రమే తప్పాయి.

ఈ వాసనలకూ వైన్‌కూ ఉన్నది ఉత్తి పోలిక అనుకోకండి. మిరియాలకు ఆ ఘాటు వాసన ఇచ్చే రోటండోన్ అనే పదార్థమే షిరాజ్ ద్రాక్షలోనూ ఉందని 2008లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు బయటపెట్టారు. లవంగంలో ఉండే యూజెనాల్, వెనిల్లాలో ఉండే వెనిలిన్ అనే పదార్థాలు, వైన్‌ను ఓక్ అనే చెట్టు చెక్కతో చేసిన పీపాల్లో ఉంచినప్పుడు ఆ చెక్క నుంచి వైన్‌లోకి దిగుతాయి. సావిన్యాన్ బ్లాంక్‌లో జామపండు, కోసిన పచ్చగడ్డి గుర్తొస్తాయి.

నేను మొదటి షిరాజ్ తెరిచినప్పుడు పది నిమిషాలు గ్లాసులో ముక్కు పెట్టి కూర్చున్నా ‘ద్రాక్ష’ తప్ప ఇంకేం తోచలేదు. మా ఆవిడ తాగదు. వంటింట్లో నుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, నా పక్కన నిలబడి, గ్లాసు అందుకుని ఒక్కసారి వాసన చూసి, "మిరియాల చారు పొంగేటప్పుడు వచ్చే వాసన ఇది" అంది. మళ్లీ చూశాను. నిజమే, మిరియం స్పష్టంగా ఉంది. ఇరవై ఏళ్లుగా రోజుకు మూడు పూటలా పోపు వాసనతోనే ఉప్పూ కారం తేల్చే మనిషికి నా కంటే వాసన బాగా తెలియడంలో ఆశ్చర్యం ఏముంది? ఆ రోజు నుంచి ప్రతి సీసాకూ మొదటి వాసన ఆమెదే. మీ ఇంట్లో తాగని మనిషి ఉంటే వాసన వరకైనా పిలవండి. బలవంతం మాత్రం చేయకండి.

తర్వాత నాలుక. వైన్ పుస్తకాల్లో ‘టానిన్’ అని కనిపించే దానికి మనకు సొంత మాట ఉంది, వగరు. పాలు లేకుండా చిక్కగా కాచిన టీ డికాక్షన్ ఒక గుక్క తాగండి. చిగుళ్లు పట్టేసినట్టు ఆరిపోతాయి. నేరేడు పండు తిన్నా అంతే. ఇప్పుడు నిమ్మకాయ పిండిన నీళ్లు తాగండి. నాలుక పక్కల నుంచి నీళ్లూరుతాయి. అది పులుపు. ఒకటి ఆరబెడుతుంది, ఒకటి ఊరిస్తుంది. ఈ తేడా రెండు రోజులు సాధన చేస్తే రెడ్ వైన్‌లో వగరు ఎంత, పులుపు ఎంత అని విడదీసి చెప్పగలుగుతారు. కాబెర్నేలో వగరు గట్టిగా ఉంటుంది, సావిన్యాన్ బ్లాంక్‌లో పులుపు ముందుంటుంది, చెనిన్‌లో తరచూ కాస్త తీపి తగులుతుంది.

పోసిన గ్లాసును తెల్ల కాగితం ముందు వంచి రంగు చూడండి. నేను పాత క్యాలెండర్ కాగితం వెనక వైపు వాడతాను. గ్లాసు తిప్పకుండా ఒకసారి, తిప్పి ఒకసారి వాసన చూసి, చిన్న గుక్క నోరంతా తిప్పి, మింగాక రుచి ఎంతసేపు నిలిచిందో లెక్కపెట్టండి. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే బిరడా పాడైందని గుర్తు. మాగిపోయిన, ఉడికించిన పండు వాసనే తప్ప ఇంకేం లేకపోతే అది ఎండలో ఉడికిన సీసా. తప్పు మీ ముక్కుది అనుకోకండి.

మన తిండితో

కారం విషయంలో జాగ్రత్త. సంగటి, నాటుకోడి పులుసుతో వగరు గట్టిగా ఉన్న రెడ్ తాగితే నోరు మండిపోతుంది. ఆల్కహాలు, వగరు రెండూ కారపు మంటను పెంచుతాయి. అలాంటి కూరకు కాస్త తీపి ఉన్న చెనిన్, బాగా చల్లగా. మిరియాల మటన్ వేపుడుకు షిరాజ్ బాగా కుదురుతుంది. చింతపండు పులుపు ఉన్నదాని పక్కన పులుపు లేని వైన్ నీళ్లలా అనిపిస్తుంది, సావిన్యాన్ బ్లాంక్ నిలబడుతుంది. నాకు అన్నింటికంటే ఇష్టమైంది ఉడకబెట్టిన చెనిక్కాయలు, కొంచెం ఉప్పు, చల్లటి వైట్. దానికోసం ఫారిన్ చీజు కొనాల్సిన పని లేదు.

పేరు చూడకుండా ఒకసారి

రెండు సీసాలు ఒకేసారి తెరిచే అవకాశం స్నేహితులతో ఉన్నప్పుడు వస్తుంది. రెండింటికీ న్యూస్ పేపర్ చుట్టి, 1, 2 అని రాయించండి. ఖరీదు తెలియకుండా రుచి చూసి, ఏది నచ్చిందో రాసుకున్నాకే కాగితం విప్పండి. 1976 మే 24న పారిస్‌లో సరిగ్గా ఇట్లాగే, పేర్లు దాచి ఫ్రెంచి నిపుణులకే రుచి చూపించారు. వాళ్లు మొదటి స్థానం ఇచ్చిన రెడ్, వైట్ రెండూ అమెరికాలోని కాలిఫోర్నియావని తేలింది. మా ముగ్గురిలో ఇద్దరం మొదటిసారి తక్కువ ధర సీసాకే ఓటేశాం. తర్వాత ఆరు నెలలు అదే కొన్నాం.

ఏడాదికి ఒక ప్రయాణం

చిత్తూరు నుంచి బెంగళూరు సుమారు 180 కిలోమీటర్లు. పలమనేరు, ముళబాగిలు, కోలారు మీదుగా పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి దొడ్డబళ్లాపుర వైపు చేరవచ్చు. నంది కొండల దగ్గర గ్రోవర్ కుటుంబం 1988లో మొదలుపెట్టిన తోటలు అక్కడున్నాయి. టికెట్టు తీసుకుంటే తోట, పీపాల గది చూపించి, నాలుగైదు రకాలు రుచి చూపిస్తారు. ఒక సీసా ఖర్చుతో నాలుగైదు రకాలు ఒకే బల్ల మీద పోల్చుకోవడం ఇంట్లో కుదరదు. వెళ్లే ముందు ఫోన్ చేసి వేళలు కనుక్కోండి.

జనవరి, ఫిబ్రవరిలో వెళితే చాలా మంచిది. యూరప్‌లో ద్రాక్ష కోసేది సెప్టెంబరు, అక్టోబరులో. మన దగ్గర తీగకు చలి నిద్ర ఉండదు కాబట్టి ఏడాదికి రెండుసార్లు కత్తిరించి, పంటను చలికాలం చివరికి వచ్చేలా చేస్తారు. కోత సమయంలో తోటలో నడవడం మా ఆవిడకు బాగా నచ్చింది. మొక్కల మనిషి కదా, తీగ ఎక్కడ కత్తిరించారో, చిగురు వచ్చే కళ్లు ఎన్ని వదిలారో అక్కడి వాళ్లను అడిగి తెలుసుకుంది. ఆ ప్రయాణం ఖర్చు సగం తన 700లోంచి తానే ఇచ్చింది. బండి తోలే మనిషి రుచి చూడకూడదు, మేం బస్సులోనే వెళ్లాం.

ఇంకొక సీసా కోసం నేను కొంచెం కొంచెం కూడబెడుతున్నాను. హంపి కొండల్లో కృష్ణప్రసాద్ చిగురుపాటి, ఉమ చిగురుపాటి అనే తెలుగు దంపతులు కలిసి పెంచిన తోట ఉంది, పేరు కృష్మా. వాళ్ల కాబెర్నే నా గీతకు బయటే ఉంది. ఏడాదంతా దాస్తే అందుతుంది.

రాసుకోండి

ప్రతి సీసాకూ ఒక పేజీ. తేదీ, ద్రాక్ష, సంవత్సరం, ధర, కొన్న షాపు, తిన్న కూర, వాసన, వగరు, పులుపు, ‘మళ్లీ కొనాలా?’ అనే గడి. నేను విడిగా పుస్తకం పెట్టలేదు. ఇంటి ఖర్చుల పుస్తకంలోనే ఎడమ పేజీలో లెక్క, కుడి పేజీలో రుచి.

ఖాళీ సీసాను వేడి నీళ్ల బకెట్‌లో అరగంట నానబెడితే లేబుల్ చాలావరకు చినగకుండా వస్తుంది. నీడలో ఆరబెట్టి అంటించండి. మా పుస్తకంలో షిరాజ్ లేబుల్ కింద నా రాత నాలుగు వరసలుంది. దాని మీద, మా ఆవిడ గుండ్రటి అక్షరాల్లో, ‘మిరియాల చారు’ అని రెండే మాటలు.